దువ్వూరు పరిసరాల్లో ఊరుమ్మడి కళలు, వేడుకలు

దువ్వూరు వైఎస్సార్ కడప జిల్లాలో ఒక మండల కేంద్రం. కర్నూలు నుంచి కడపకు వచ్చే జాతీయ రహదారి మీద చాగలమర్రి దాటాక, మైదుకూరు చేరకముందు తగులుతుంది. నైరుతిన ప్రొద్దుటూరు, దానికి ఆవల జమ్మలమడుగు, గండికోట. ఇంకా కిందికి దిగితే పులివెందుల. పాతకాలంలో రేనాడు అని పేరుపడ్డ సీమ ఈ చుట్టుపక్కలదే. తొలి తెలుగు శాసనంగా లెక్కకు వచ్చే కలమళ్ల శాసనం ప్రొద్దుటూరుకు దగ్గరలోని ఎర్రగుంట్ల మండలంలో దొరికింది. దాని కాలం క్రీ.శ. 575 అని పండితుల అంచనా.

ఈ ఊళ్లలో ఇల్లిల్లూ చేయి వేసే కళలను, వేడుకలను పరిచయం చేయడం ఈ వ్యాసం పని. పిల్లలు, యువకులు వాటిలో ఎక్కడ చేరుతున్నారన్నది ముఖ్యంగా చూడవలసిన సంగతి. ఇక్కడ ప్రదర్శన ఒక్క రాత్రిది, అభ్యాసం రెండు మూడు నెలలది. కుర్రవాళ్లకు కళ అబ్బేది ఆ నెలల్లోనే. అభ్యాసం నిలిచిన ఊళ్లో కళ నిలిచింది. అది పోయిన ఊళ్లో మైకుసెట్టు మాత్రం మిగిలింది.

నేల, కాలం

దువ్వూరు మండలానికి కర్నూలు–కడప కాలువ నీళ్లు వస్తాయి. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర బయలుదేరి కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు సాగే ఈ కాలువను 19వ శతాబ్దంలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించింది. కేసీ కాలువ అంటేనే జనానికి తెలుస్తుంది. దాని కింద వరి, పసుపు పండుతాయి. కాలువకు ఎడంగా ఉన్న ఊళ్లు వానను నమ్ముకున్న మెట్ట ఊళ్లు. వేడుకల పట్టికను ఈ తేడాయే నిర్ణయిస్తుంది. నాట్లు, కలుపులు నడిచే నెలల్లో రామాలయం ముందు గజ్జెల చప్పుడు వినపడదు. కోతలై, పసుపు తవ్వి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే మాఘ ఫాల్గుణాల నుంచి ఎండలు ముదిరే దాకా తిరునాళ్లు, నాటకాలు, ఎద్దులతో బండలాగుడు పోటీలు సాగుతాయి. పొరుగున అహోబిలం నరసింహస్వామి పార్వేట కనుమ నాడు మొదలై, నెల దాటి పల్లెపల్లెనా తిరిగేది కూడా ఈ తీరిక కాలంలోనే.

వాన ముఖం చాటేసిన ఏడు వేడుక మరో రకం. రోకలికి కప్పను కట్టి పిల్లలు ఇంటింటికీ తిరిగేవాళ్లు. ఆడవాళ్లు బిందెడు నీళ్లు గుమ్మరించి దోసెడు గింజలు పెట్టేవాళ్లు. పెద్దల పెత్తనం లేకుండా పిల్లలే నడిపిన ఊరి కార్యక్రమం ఇది ఒక్కటేనేమో!

చెక్కభజన, కోలాటం

రాయలసీమ పల్లె కళ ఏదంటే ముందు చెప్పుకోవలసింది చెక్కభజన. రెండు చేతుల్లో తాళపు బిళ్లలు బిగించిన కొయ్య చెక్కలు, కాళ్లకు గజ్జెలు, నడుముకు గుడ్డ. పదీ ఇరవై మంది గుండ్రంగా నిలబడతారు. గురువు పాట ఎత్తుకుంటాడు, జట్టు అందుకుంటుంది. మొదట అడుగు నిదానంగా పడుతుంది, పాట సగానికి వచ్చేసరికి వేగం రెట్టింపవుతుంది. కూర్చుని లేవడం, వెనక్కి తిరగడం, ఎగిరి పక్కవాడి చోటుకు మారడం అన్నీ తాళం తప్పకుండా జరగాలి. ఒక్కడు తప్పితే గుండ్రం మొత్తం చెదిరిపోతుంది.

భజన గురువు చాలాసార్లు వేరే ఊరివాడై ఉంటాడు. నేర్చుకోవాలనుకున్న కుర్రవాళ్లు తలా ఇంత వేసుకుని ఆయన్ను పిలిపించుకుంటారు. భోజనం రోజుకో ఇంట్లో. పొలం పని ముగిశాక, రాత్రి అన్నాలు తిన్న తర్వాత రామాలయం ముందు అభ్యాసం. పాఠం ముగిసిన నాడు గజ్జెపూజ చేసి, ఊరందరి ముందూ తొలి భజన వేస్తారు. గురువుకు బట్టలు పెట్టి, ముట్టజెప్పవలసింది ముట్టజెపుతారు. రైతు కొడుకు, కూలి కొడుకు, బడి మానేసినవాడు, కాలేజీకి పోయేవాడు ఒకే గుండ్రంలో నిలబడేది ఇక్కడ. ఊళ్లో కులాల గీతలు చెరిగిపోయాయని దీన్ని బట్టి అనుకోనక్కర లేదు. గుడి ముందు ఎవరు ఆడాలన్న తగువులు పల్లెల్లో ఎన్నో నడిచాయి. అయినా అడుగు కలవాలంటే పక్కవాడి అడుగు చూడక తప్పదు.

కోలాటం దీనికి తోబుట్టువు. కోలాటంలో ఎవరికి ఎదురు నిలిచి కోల తగిలించాలో వారు ఉద్ది. ఆట వరస పేరు కోపు. పైనుంచి వేలాడే తాళ్లను ఆడుతూనే జడగా అల్లి, మళ్లీ ఆడుతూనే విప్పేది జడకోపు. చూడడానికి పిల్లలు ఎగబడేది దానికే. తాడు చిక్కుపడితే నవ్వులు, విడివడితే ఈలలు.

చెక్కభజన మగవాళ్లది, కోలాటం ఇద్దరిదీ అన్నది పాత పద్ధతి. ఇప్పుడు కోలాటం దాదాపు ఆడవాళ్ల చేతికి వచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానాల దాససాహిత్య ప్రాజెక్టు భజన మండళ్లను చేరదీయడం ఇందుకు ఒక కారణం. పల్లెలో నేర్చుకున్న జట్టు ఒకే రంగు చీరలు కట్టుకుని తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఆడి వస్తుంది. తల్లీ కూతుళ్లు, అత్తా కోడళ్లు ఒకే జట్టులో ఉండడం మామూలైంది. బడి ఈడు ఆడపిల్లకు ఊరి నడిబొడ్డున, పెద్దలందరూ చూస్తుండగా ఆడే హక్కు ఇలా దక్కింది. ఇటీవలి మార్పుల్లో ఇంతకంటే మెచ్చుకోదగ్గది కనపడదు.

పాటలో ఉన్న చరిత్ర

ఈ జట్లు పాడేవన్నీ రాముడి పాటలు కావు. కుంఫిణీ దొరతనం మీద 1846లో తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ రేనాటి పల్లెల్లో పాటగా నిలిచింది. ఆ ఏడు జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాక, ఆయన దండు దారిలో కొల్లగొట్టిన ఠాణాల్లో దువ్వూరు ఠాణా కూడా ఒకటి. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోయిలకుంట్లలో ఉరితీశారు. చరిత్ర పుస్తకాల్లో చాలాకాలం నాలుగు వరుసలకు మించి చోటు దొరకని మనిషిని పాట నూరేళ్లకు పైగా మోసింది. అదే ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరువులో జనానికి గంజి పోసి బతికించినందుకు పాటకెక్కాడు. ఈ ఇద్దరి మీది పాటలను సేకరించి తంగిరాల వెంకట సుబ్బారావు ‘రేనాటి సూర్యచంద్రులు’ పేరుతో పుస్తకం తెచ్చారు. నరసింహారెడ్డి మీద 2019లో భారీ సినిమా వచ్చింది. ఆ సినిమా చూసిన పిల్లలకు దువ్వూరు ఠాణా సంగతి ఊరివాళ్లే చెప్పాలి, బడిలో చెబితే ఇంకా మంచిది.

నాటకం

తెలుగు నాటకరంగంలో కుటుంబమే సమాజమైన కథ ఈ జిల్లాలోనే పుట్టింది. పులివెందుల నియోజకవర్గంలోని చక్రాయపేట మండలంలో సురభి అనే పల్లె ఉంది. తోలుబొమ్మలాట వృత్తిగా తిరిగిన వనారస కుటుంబం వారు 1885లో అక్కడ బొమ్మలు పక్కన పెట్టి, తామే వేషాలు కట్టి ‘కీచక వధ’ ఆడారు. వనారస గోవిందరావు ఆ ఒరవడిని నాటక సమాజంగా నిలబెట్టారు. ఊరిపేరే సమాజానికి పేరై, చివరకు వాళ్ల ఇంటిపేర్ల ముందుకు వచ్చి చేరింది.

సురభిలో తాత దుర్యోధనుడైతే మనవడు బాలకృష్ణుడు. కోడలు ద్రౌపది, అల్లుడు తెర లాగేవాడు. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో ఇంటి ఆడవాళ్లను రంగం మీదికి తెచ్చిన ఘనత వారిది. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ ఇంటి బిడ్డే. నడక రాకముందే రంగమెక్కడం, ప్రహ్లాదుడో లవుడో కుశుడో అయి పదేళ్లకే వందల ప్రదర్శనలు చూడడం అక్కడి పిల్లల చదువు. మాయాబజార్‌లో గాలిలోకి లేచే లడ్డూలు, మంటలు, వానలు, మబ్బుల్లోంచి దిగే నారదుడు లాంటి మాయలన్నీ తాళ్లు, కప్పీలు, తెరల పనితనంతో చేసేవి. ఒకప్పుడు ముప్ఫైకి పైగా ఉన్న సమాజాలు తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టే స్థితికి వచ్చాయి. ఆ కుటుంబాలు చాలావరకు హైదరాబాదు శేరిలింగంపల్లిలో స్థిరపడ్డాయి. రేకందార్ నాగేశ్వరరావుకు (సురభి బాబ్జీ) 2013లో పద్మశ్రీ వచ్చింది. పుట్టిన పల్లెకు ఆ పేరు తప్ప ఇంకేమీ మిగలలేదని కడప జిల్లావాళ్లు నొచ్చుకుంటారు. ఆ మాటలో నిజముంది.

సురభి వెళ్లిపోయినా నాటకం పోలేదు. సత్యహరిశ్చంద్ర, శ్రీకృష్ణ రాయబారం, కురుక్షేత్రం, రామాంజనేయ యుద్ధం, బ్రహ్మంగారి నాటకం ఈ ఊళ్లలో ఇప్పటికీ పడుతుంటాయి. కందిమల్లాయపల్లెలోని బ్రహ్మంగారి మఠం దువ్వూరుకు దూరమేమీ కాదు. వైశాఖ శుద్ధ దశమి నాడు జరిగే వీరబ్రహ్మేంద్రస్వామి ఆరాధనకు చుట్టుపక్కల ఊళ్లు కదిలిపోతాయి. స్వామి శిష్యుడు దూదేకుల సిద్ధయ్య పాత్ర రంగం మీదికి రాగానే చప్పట్లు పడతాయి.

ఊరి నాటకం తయారయ్యే తీరు ఇది. ఆడాలని సరదా ఉన్నవాళ్లు పదిమంది కలుస్తారు. హార్మోనియం వాయించే నాటకం అయ్యవారు వచ్చి ఎవరి గొంతుకు ఏ వేషం నప్పుతుందో చూస్తాడు. కృష్ణుడి వేషం కోసం పోటీ, అలకలు ఉండనే ఉంటాయి. చదువు అంతగా రానివాడు కూడా పద్యం విని విని నోటికి పట్టేస్తాడు. తెరలు, కిరీటాలు, మైకుసెట్టు అద్దెకు తెస్తారు. ఆడపాత్రలకు పట్టణాల నుంచి వృత్తి నటీమణులను పిలుస్తారు. ఊరి ఆడపిల్ల మాత్రం ఇంకా ఆ రంగం ఎక్కలేదు. నూటనలభై ఏళ్ల కిందట ఇదే జిల్లాలో ఒక కుటుంబం తెంచేసిన కట్టు ఊరి నాటకంలో ఇంకా తెగకపోవడం విచిత్రమే! పిల్లలకు ఒక చోటు ఉంది. హరిశ్చంద్రలో లోహితాస్యుడు ఎప్పుడూ ఆ ఊరి కుర్రవాడే. శ్మశానం సీను నడుస్తుండగా ఆ పిల్లవాడు నిజంగానే నిద్రపోతాడు, ఎదురుగా చాపల మీద కూర్చున్న అవ్వలు నిజంగానే ఏడుస్తారు. పద్యం బాగా పలికితే ‘వన్స్ మోర్’ కేకతో పాటు రంగం మీదికి చదివింపులు వస్తాయి. ఇచ్చినవారి పేరు, మొత్తం మైకులో చదువుతారు. ఈ చదివింపుల గోలతో రాయబారం నడుమ నడుమ ఆగిపోతుందని విసుక్కునేవాళ్లున్నారు గాని, నాటకం ఖర్చు చాలావరకు వెళ్లేది దాంతోనే.

ప్రొద్దుటూరు: దసరా, అవధానం

చుట్టుపక్కల పల్లెలకు పట్టణమంటే ప్రొద్దుటూరు. పెన్న ఒడ్డున బంగారం, బట్టల వ్యాపారంతో పెరిగిన ఊరు. మైసూరు తర్వాత దసరా అంటే మాదేనని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయాన్ని అక్కడ అమ్మవారిశాల అంటారు. నవరాత్రుల్లో రోజుకో అలంకారం, వీధులంతా దీపాల తోరణాలు, పక్క రాష్ట్రాల నుంచి పిలిపించిన వాద్య బృందాలు. విజయదశమి నాటి తొట్టిమెరవణి వీటన్నిటికీ పతాక. ఆ రాత్రి వీధుల్లో ఇసుక వేస్తే రాలదు. దువ్వూరు వైపు పల్లెల నుంచి కుటుంబాలు పిల్లలను భుజాన వేసుకుని వచ్చి తెల్లవారాక తిరిగి వెళతాయి. ఇది వ్యాపారుల పోషణలో సాగే పండుగ. పల్లె భజనలో లాగా పిల్లలకు వేషమూ అడుగూ ఉండవు, చూపు మాత్రం ఉంటుంది. ఆ చూపు కూడా చిన్నదేం కాదు. కేరళ చెండ మేళమూ కన్నడిగుల డొళ్లు కుణితమూ పల్లె పిల్లవాడు ఎదురుగా నిలబడి వినేది అక్కడే.

ప్రొద్దుటూరుకు రెండో గుర్తింపు పద్యం. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి ఇక్కడివారు. జంటగా అవధానాలు చేశారు. రాణాప్రతాపుడి మీద ఒకరు, శివాజీ మీద మరొకరు కావ్యాలు రాసి వలస పాలన రోజుల్లో దేశాభిమానాన్ని పద్యంలో నింపారు. పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) ఈ ఊళ్లో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, అగస్త్యేశ్వరస్వామి గుడిలో ప్రదక్షిణలు చేస్తూ ‘శివతాండవం’ అల్లారని ప్రతీతి. 1972లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తెలుగు నేల మీద కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునే పిల్లలు ఆ రచనకు ఎప్పుడో ఒకప్పుడు అడుగులు వేసే ఉంటారు. సి.వి. సుబ్బన్న శతావధాని అవధానాలు చేయడంతో ఆగక అవధాన విద్య మీదే పరిశోధన చేశారు. నరాల రామారెడ్డి ఆ పరంపరను కొనసాగించారు.

అవధానం పండితుల వ్యవహారమని బయటివాళ్లు అనుకుంటారు. రాయలసీమ పట్టణాల్లో అది కుటుంబమంతా వెళ్లే సాయంత్రం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి అవధానిని లాగుతారు. నిషిద్ధాక్షరి అడిగేవారు ప్రతి అక్షరం తర్వాత ఫలానా అక్షరం వాడకూడదని అడ్డం పడతారు. సమస్య ఇచ్చేవారు అర్థం పొసగని పాదం విసురుతారు, మిగతా మూడు పాదాలతో దాన్ని పొసగించాలి. దత్తపదిలో నాలుగు మాటలు ఇచ్చి, వాటికి సంబంధం లేని కథ చెప్పమంటారు. మధ్యలో ఒకరు గంట కొడుతుంటారు, ఎన్ని దెబ్బలు పడ్డాయో గుర్తుంచుకోవాలి. అప్రస్తుత ప్రసంగం చేసేవారు ఊళ్లో ఉల్లిగడ్డ ధర మొదలుకొని సినిమా దాకా అడ్డదిడ్డంగా అడిగి ఏకాగ్రత చెడగొట్టాలి. పిల్లలు పడిపడి నవ్వేది ఆయన దగ్గరే. చివర ధారణ. చెప్పిన పద్యాలన్నీ అవధాని వరసగా ఒప్పజెపుతుంటే పదో తరగతి పిల్లలు వేళ్లు ముడుచుకుని పాదాలు లెక్కపెట్టడం చూడవచ్చు. గణాలు, యతులు బ్లాకుబోర్డు మీద చేదుమందులా అనిపించినవి అక్కడ ఆటగా కనిపిస్తాయి. తెలుగు ఉపాధ్యాయులు తమ తరగతిని ఒక్కసారైనా అవధానానికి తీసుకువెళ్లడం వంద పేజీల ఛందస్సు పాఠానికి సాటి వస్తుందని ఈ రచయిత నమ్మకం.

పీర్ల పండుగ, వినాయక చవితి

మొహర్రం పది రోజులు రాయలసీమ పల్లెల్లో ముస్లింలవి మాత్రమే కావు. పీర్ల చావిడి ముందు గుండం తవ్వి, దాని చుట్టూ అలాయి తొక్కుతారు. హిందువుల ఇళ్లలోనూ పీర్లకు మొక్కుకుంటారు, చక్కెర చదివిస్తారు, పిల్లలకు పీర్ల పేర్లు పెట్టుకుంటారు. మొక్కు తీర్చడానికి పులివేషం కట్టే కుర్రవాళ్లు తప్పెట దెబ్బకు వీధి వీధి తిరుగుతారు. జిల్లా కేంద్రంలో దీనికి ఎదురు దృశ్యం ఉంది. ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరుడి గుడికి ముస్లిం కుటుంబాలు స్వామి దేవేరి బీబీ నాంచారి ఇల్లని భావించి కొబ్బరికాయలతో వస్తాయి.

వినాయక చవితి పందిరి నేటి యువకుల తొలి సంస్థాగత అనుభవం. చందా రసీదులు, పోలీసు అనుమతి, కరెంటు కనెక్షను, అన్నదానం లెక్కలు, లడ్డూ వేలం, నిమజ్జనానికి ట్రాక్టరు అన్నీ ఇరవై ఏళ్లవాళ్లే చూసుకుంటారు. రేపటి వార్డు మెంబరు చాలాసార్లు ఇక్కడే తేలతాడు. కాకపోతే కోలాటం చోటును డీజే పెట్టెలు ఆక్రమించిన ఊళ్లలో ఆ పది రోజుల్లో ఎవరూ ఏమీ నేర్చుకోవడం లేదు. చందా పుస్తకం పెద్దదైంది, కార్యక్రమం చిన్నదైంది.

బడి, గ్రంథాలయం, ప్రభుత్వం

ప్రభుత్వం వైపు నుంచి జరిగేవాటిలో నిలకడగా సాగేది గ్రంథాలయ వారోత్సవం. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా శాఖా గ్రంథాలయాల్లో పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, పద్యపఠనం పోటీలు పెడతారు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సే ఈ వ్యవస్థకు ఆధారం. అంటే ఊళ్లో ఇల్లున్న ప్రతివారూ ఆ వారోత్సవానికి చందాదారులే, వెళ్లి అడిగే హక్కు వాళ్లకుంది. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతికి బడుల్లో తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. 2015లో కేంద్రం మొదలుపెట్టిన కళా ఉత్సవ్ పోటీలు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఉన్న పిల్లలకు జిల్లా నుంచి జాతీయ స్థాయి దాకా మెట్లు వేశాయి. చెక్కభజన తెలిసిన పిల్లలకు అది అచ్చంగా పనికొచ్చే వేదిక. జనవిజ్ఞాన వేదిక చెకుముకి సైన్స్ సంబరాలు కూడా ఈ కోవలోవే. కొత్తగూడెం బాలోత్సవ్ రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలనూ ఒక చోట చేర్చి ఎంత పేరు తెచ్చుకుందో తెలిసిందే. రేనాటి పట్టణాల్లో ఏదో ఒకటి ఆ స్థాయిలో ఏటా నిలబడితే పల్లె బడులకు మేలు.

జమ్మలమడుగు దగ్గరి గండికోటలో పర్యాటక శాఖ గండికోట ఉత్సవాలు జరుపుతోంది. 2020 జనవరిలో జరిగినవి అలాంటివే. పెన్న లోయ, మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం నేపథ్యంగా పాట, నాట్యం, సాహస క్రీడలు. జనం బాగానే వస్తారు. సినిమా గాయకుల కచేరీకి దక్కే వేళ జిల్లా జానపద జట్లకు దక్కదు. వాళ్లను ఊరేగింపులో నడిపించి, వెలుగు తగ్గకముందే పంపేయడం చాలా ఉత్సవాల్లో చూసేదే. కోట చూడడానికి వచ్చిన పిల్లల చేతికి చెక్కలిచ్చి పది నిమిషాలు అడుగు నేర్పే ఏర్పాటుకు అయ్యే ఖర్చు ఒక ఫ్లెక్సీ ఖరీదును మించదు.

ప్రస్తుత స్థితి

గల్ఫ్ దేశాలకు, బెంగళూరుకు, హైదరాబాదుకు వలసలు పెరిగి, జట్టుకు సరిపడా కుర్రవాళ్లు ఊళ్లో ఉండడం లేదు. సంక్రాంతికీ ఊరి తిరునాళకూ వచ్చేవాళ్లకు అభ్యాసానికి రోజులు చాలవు. మరోవైపు ఆడపిల్లల కోలాటం జట్లు పెరుగుతున్నాయి. పౌరాణిక నాటకాల వీడియోలకు ఫోన్లలో కొత్త ప్రేక్షకులు దొరికారు. కళ నశించిపోతోందన్న ఏడుపు పూర్తిగా నిజం కాదు. గురువులు ముసలివాళ్లవుతున్నారన్నది మాత్రం నిజం. వాళ్ల దగ్గరున్న పాటలు చాలావరకు నోటి మీదే ఉన్నాయి, పాత నోటు పుస్తకాల్లో కొన్ని ఉన్నాయి.

దువ్వూరు మండలంలోని ఉన్నత పాఠశాలలు ఈ పని చేయవచ్చు. ఏ ఊళ్లో ఎవరు భజన నేర్పారు, ఏ నాటకం ఏ ఏడు పడింది, నరసింహారెడ్డి పాట ఎవరికి వచ్చు అన్నది పిల్లల చేత ఇంటింటా అడిగించి రాయించాలి. ఫోనులో పాట పట్టి గ్రంథాలయంలో ఒక ప్రతి ఉంచాలి. వచ్చే వారోత్సవానికి ఇది పెట్టుకుంటే చాలు, మొదలైనట్టే.